జుజుత్సు మన భిక్షువులు కనిపెట్టింది కాదు, ఆ ఫార్వర్డ్ పక్కన పెట్టండి

ఈ నెలలో నాలుగు గ్రూపుల్లో వచ్చింది ఆ మెసేజ్. చూడనివాళ్ల కోసం సారాంశం చెబుతాను. జుజుత్సు, అంటే ఎదుటివాణ్ణి పట్టుకుని పడేసి లొంగదీసే జపాన్ పోరాట విద్య, నిజానికి మన దేశంలోనే పుట్టిందట, ఆయుధం ముట్టకూడదన్న నియమం ఉన్న బౌద్ధ భిక్షువులు దారి దొంగల నుంచి కాపాడుకోవడానికి దాన్ని కనిపెట్టారట, కంచి నుంచి వెళ్లిన బోధిధర్ముడు దాన్ని చైనాకు పట్టుకెళితే అక్కడి నుంచి జపాన్ చేరిందట. కరాటే, జూడో, ఐకిడో అన్నీ దాని పిల్లలేనట. ఇది దాడి ఎరుగని అహింసా విద్య అట. చివరికి జపాన్ వాళ్లు దాచిపెట్టిన అసలు విద్యను బ్రెజిల్‌లో గ్రేసీ కుటుంబం బయటపెట్టిందట. కింద షరా మామూలే, 'గర్వపడితే షేర్ చెయ్యండి'.

కొన్నేళ్లుగా రోజూ సాయంత్రం మ్యాట్ మీద దొర్లే మనిషిని నేను. కొత్తగా చేరిన పిల్లలు ఇదే చరిత్ర అనుకుని నాకు తిరిగి చెబుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు భిక్షువుల సంగతి. జుజుత్సులో ఇప్పటికీ బతికున్న అతి పాత సంప్రదాయాల్లో ఒకటి తకెనోఉచి ర్యూ ('ర్యూ' అంటే ఒక గురు సంప్రదాయం). 1532లో తకెనోఉచి హిసమోరి అనే యోధుడు మిమసకా ప్రాంతంలో, అంటే నేటి ఒకయామా వైపు, దాన్ని మొదలుపెట్టాడు. ఆయనకు ఈ విద్య ఎలా అబ్బిందో ఆ సంప్రదాయం వాళ్లు చెప్పుకునే ఐతిహ్యం ఒకటుంది. గుడి దగ్గర ఒంటరిగా సాధన చేసి అలసి పడుకున్న హిసమోరికి ఒక కొండ సన్యాసి కనిపించి, అతని చేతిలోని పొడవాటి చెక్క కత్తిని రెండు ముక్కలు చేసి, పొట్టి కత్తితో దగ్గరకు దూరి శత్రువును ఎలా పట్టుకోవాలో, తాడుతో ఎలా కట్టాలో నేర్పాడని. అది కథే కావచ్చు, కానీ ఆ కథలో కూడా ఉన్నది కత్తీ, తాడూ, బందీ. ఒట్టి చేతులతో దొంగల్ని తోసేసుకుని వెళ్లిపోయే భిక్షువు ఎక్కడా లేడు.

'అహింసా విద్య' అన్నది ఇక్కడే తేలిపోతుంది. కవచం తొడుక్కున్నవాణ్ణి పిడికిలితో గుద్దితే విరిగేది మన వేళ్లే. అందుకని యుద్ధంలో కత్తి జారిపోయినప్పుడో, మరీ మీద మీదకు వచ్చేసినప్పుడో చేసే పని ఒకటే, పట్టుకుని, కాలు అడ్డం పెట్టి కింద పడేసి, మీద కూర్చుని, కవచం అతుకుల సందులోంచి బాకు దించడం. మనం ఇవాళ 'పిన్' అని పాయింట్లు లెక్కపెట్టే ఆ కూర్చోవడం వెనక ఉన్నది ఇది. 1600 తర్వాత తోకుగవా వంశపు పాలనలో యుద్ధాలు తగ్గి, మామూలు బట్టల్లో ఉన్నవాణ్ణి లొంగదీసే విద్యగా మారాక గానీ జుజుత్సు అన్న పేరు వాడుకలో స్థిరపడలేదు. 'జు' అంటే మెత్తదనం, ఒదిగిపోవడం. 'జుత్సు' అంటే విద్య. అయితే ఇక్కడ మెత్తదనమంటే జాలి అనుకునేరు. ఎదుటివాడు తోస్తే ఎదురు తోయకుండా, ఆ తోపుకే దారి ఇచ్చి, అడుగు వెనక్కి వేసి వాణ్ణి ముందుకు లాగెయ్యడం. బలానికి బలం అడ్డం పెట్టకపోవడమన్నమాట.

బోధిధర్ముడి దగ్గరికి వద్దాం. ఆయన గురించి చైనాలో దొరికిన పాత ప్రస్తావనల్లో ఒకటి 547 నాటిది, లొయాంగ్ నగరంలోని బౌద్ధాలయాల గురించి యాంగ్ షువాన్‌జీ రాసింది. అందులో బోధిధర్ముడు ఒక గుడి గోపురాన్ని చూసి అబ్బురపడి, చేతులు జోడించి నమో అంటూ ఉండిపోయిన ముసలి భిక్షువు. పైగా ఆయన్ని పారశీకుడని రాశారు. దక్షిణ భారతం నుంచి వచ్చిన రాజకుమారుడన్న మాట ఇంకో పాత రచనలో ఉంది, అది కాదనను. కానీ ఈ రెండింట్లోనూ కుస్తీ లేదు, గుద్దులు లేవు. ఆయన్ని వ్యాయామ విద్యతో కలిపిన యిజిన్ జింగ్ అనే పుస్తకం 1624 నాటిది, అంటే వెయ్యేళ్లకు పైగా గడిచాక వచ్చింది. దాని ముందుమాటలు కల్పితమని చైనా పరిశోధకులే, ముఖ్యంగా తాంగ్ హావ్, ఎప్పుడో చూపించారు. బోధిధర్ముడి పేరుతో ముడిపెట్టే షావోలిన్ మఠం భిక్షువులు నిజంగా పోరాట యోధులే, కానీ 1500లు, 1600ల రచనల్లో వాళ్లకు పేరు తెచ్చింది కర్రసాము. కర్రసాముకీ జుజుత్సుకీ లంకె పెట్టడమంటే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడమే. చైనా నుంచి వచ్చిన చెన్ యువాన్‌యున్ నేర్పాడన్న ఇంకో కథ కూడా ఉంది, కానీ ఆయన జపాన్‌లో ఉన్నది 17వ శతాబ్దం, అప్పటికి తకెనోఉచి ర్యూకి ఎనభై ఏళ్లు దాటాయి.

'అన్నీ దాని పిల్లలే' అన్నది సగం నిజం. జూడో అవును. కానో జిగొరో రెండు జుజుత్సు సంప్రదాయాలు, తెన్‌జిన్ షిన్‌యో ర్యూ, కితో ర్యూ నేర్చుకుని, 1882లో టోక్యోలో ఎయిషోజి అనే గుడిలో పన్నెండు తతామి చాపల చోటులో కొడోకాన్ అనే జూడో శిక్షణశాల పెట్టాడు. ఆయన చేసిన పెద్ద పని ప్రమాదకరమైన దెబ్బల్ని కతాల్లోకి, అంటే ముందే కుదిర్చుకుని చేసే కదలికల వరసల్లోకి, పంపేసి, మిగిలినవాటితో ఇద్దరూ పూర్తి బలంతో పట్టుకునే రందోరిని సాధనకు ప్రాణం చెయ్యడం. నిజంగా ఎదిరించేవాణ్ణి పడెయ్యడం రోజూ జరిగితేనే పట్టు వస్తుంది. ఐకిడో కూడా అవును, ఉయెషిబా మొరిహెయి అది మలచుకున్నది తకెదా సొకాకు దగ్గర నేర్చిన దైతో ర్యూ నుంచే. కరాటే మాత్రం కాదు. అది ఒకినావా దీవుల గుద్దుల, తన్నుల విద్య. 1922లో కరాటే గురువు ఫునకోషి గిచిన్ టోక్యో వచ్చి చూపించినప్పుడు కానో ఆయన్ని కొడోకాన్‌కు కూడా పిలిపించాడు. ఆ తెల్ల బట్టలూ, దాన్ అనే పై స్థాయి గ్రేడ్లూ, నల్ల బెల్టూ కరాటే వాళ్లు జూడో నుంచి తీసుకున్నవి. బయటివాళ్లకు అన్నీ ఒక్కలాగే కనపడటానికి అదొక ముఖ్య కారణం.

ఇక గ్రేసీల విషయం. వాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ బ్రెజిల్‌కు ఆ విద్య తెచ్చిన మయెదా మిత్సుయో కొడోకాన్ మనిషి. 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత అక్కడి బెలెం నగరంలో స్థిరపడ్డాడు, కార్లోస్ గ్రేసీ అక్కడే నేర్చుకున్నాడు. అప్పట్లో విదేశాల్లో జూడోని కూడా జియు-జిట్సు అనే పిలిచేవాళ్లు, అందుకే ఆ పేరు అక్కడ అలా ఉండిపోయింది. దాచింది ఎవరు, బయటపెట్టింది ఎవరు? 1951లో రియోలోని మరకానా స్టేడియంలో జూడో యోధుడు కిమురా మసహికోతో హెలియో గ్రేసీ తలపడ్డాడు. కిమురా ఒక చేత్తో హెలియో మణికట్టు పట్టి, రెండో చేతిని అతని భుజం కిందనుంచి దూర్చి తన మణికట్టునే తాను పట్టుకుని, చెయ్యిని వీపు వెనక్కి తిప్పాడు. హెలియో ఓటమి ఒప్పుకోలేదు, అన్న కార్లోస్ ఆట ఆపించాడు. ఇవాళ గ్రేసీలు మలచిన బ్రెజిలియన్ జియు-జిట్సు జిమ్‌లలో ఆ పట్టు పేరే 'కిమురా'.

జూడోకీ బ్రెజిలియన్ జియు-జిట్సుకీ తేడా ఎక్కడొచ్చిందంటే రూల్స్‌లో. జూడోలో వెల్లకిలా గట్టిగా పడేస్తే ఆట అక్కడితో అయిపోయింది, లేదా ఇరవై సెకన్లు అదిమిపెట్టినా చాలు. నేలమీద కదలిక లేకపోతే రెఫరీ లేపేస్తాడు. బ్రెజిలియన్ జియు-జిట్సులో అంత అందమైన పడవేతకీ రెండు పాయింట్లే, కాళ్ల అడ్డు దాటితే మూడు, ఛాతీ మీదకెక్కినా వీపెక్కినా నాలుగు. నేలమీద ఎంతసేపైనా ఉండొచ్చు గనక వెల్లకిలా పడుకునే, కాళ్లతో ఎదుటివాణ్ణి ఆపి, అక్కడినుంచే గొంతు బిగించడం వరకూ వాళ్లు ఎదిగారు.

'మన మల్లయుద్ధంలోనూ ఇవే పట్లు ఉన్నాయిగా' అని నన్నే అడిగారొకరు. ఉంటాయి. మోచెయ్యి ఏ దేశంలోనైనా ఒకవైపే వంగుతుంది. ఈజిప్టులో బెని హసన్ సమాధుల గోడల మీద దాదాపు నాలుగువేల ఏళ్ల కిందట గీసిన వందల కుస్తీ జంటలున్నాయి, వాటిలోనూ ఇలాంటి పట్లు కనపడతాయి. మన మల్లులకు మన చరిత్ర ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు సోమేశ్వరుడు మానసోల్లాసంలో మల్లుల తరగతులు, తిండి, సాధన అన్నీ రాయించాడు. మన ఊళ్లలో తాలింఖానా వస్తాదులు ఇవాళ్టికీ నేర్పుతున్నారు, గర్వపడాలంటే అక్కడికి వెళ్లి ఓ గంట కూర్చోండి. ఇక జుజుత్సు, జూడోలతో మన దేశానికి నిజంగా ఉన్న ఒక బంధం ఆ ఫార్వర్డ్‌లో రానేలేదు. 1929లో రవీంద్రనాథ్ ఠాగూర్ పిలిస్తే తకగాకి షింజో అనే కొడోకాన్ గురువు జపాన్ నుంచి శాంతినికేతన్ వచ్చి, అక్కడి అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఈ విద్య నేర్పాడు.