బాణపు పురుగు ఎవరి బంధువు?

సముద్రంలో తేలుతూ వేటాడే, గాజులా పారదర్శకమైన బాణపు పురుగులది కీటోగ్నాతా వర్గం. వీటి బంధుత్వం అంతుపట్టడం లేదని డార్విన్ 1844లోనే రాశాడు. ఆ పేచీ ఇంకా నడుస్తూనే ఉంది.

పిండవాది: పిండాన్ని చూస్తే తెలిసిపోదూ! మొదట ఏర్పడే రంధ్రం మూసుకుపోతుంది, నోరు రెండో కొసన తెరుచుకుంటుంది. శరీరకుహరం, అంటే ఒంటి లోపలి ఖాళీ, పేగు గోడ మడతల్లోంచి పుడుతుంది. ఇంచుమించు నక్షత్రచేప తీరు. ఇది డ్యూటిరోస్టోమే, నక్షత్రచేపలూ మనమూ ఉన్న గుంపుదే.

జన్యువాది: 1993లో రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) జన్యువును పోల్చి చూస్తే ఆ గుంపులో ఇమడలేదండీ. 2004లో మైటోకాండ్రియా జన్యువులు దీన్ని కీటకాలూ నత్తలూ ఉన్న ప్రోటోస్టోమ్‌లలో చేర్చాయి.

పిండవాది: వాటిలో ఏ మూలన? మీవాళ్లే తలో మాటా చెప్పారుగా!

జన్యువాది: చెప్పారు. దీని జన్యువులు మరీ వేగంగా మారడంతో లెక్క తప్పేది. 2019లో మరిన్ని జాతుల జన్యువులు పోల్చాక నీళ్లలో బతికే అతిచిన్న జంతువులైన రోటిఫర్‌ల దగ్గర కుదురుకుంది. మెడ్‌పోస్ట్ అనే హాక్స్ జన్యువు (శరీరభాగాల అమరికను నిర్దేశించే రకం) ఈ రెండింటిలోనూ ఉంది. నత్తల్లో గానీ కీటకాల్లో గానీ లేదు.

పిండవాది: రోటిఫరా! బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టినట్టుంది. కంటికి ఆనని ఆ జీవి ఎక్కడ, 12 సెంటీమీటర్ల దాకా పెరిగే ఈ వేటగాడు ఎక్కడ? కోపిపొడ్ అనే రొయ్యల చుట్టమైన చిన్న జీవి కదిలితే నీళ్లలో పుట్టే అలజడిని ఒంటిమీది రోమాల వరసలతో పసిగడుతుంది. ఒక్క ఉరుకున మీదపడి, తలకు రెండు వైపులా ఉన్న కైటిన్ కొక్కేలతో ఒడిసిపడుతుంది. నరాలను స్తంభింపజేసే టెట్రోడోటాక్సిన్ విషం సరేసరి.

(పిండవాది మనసులో: కొక్కేల మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఎదుటివాడికి అందించినట్టయింది.)

జన్యువాది: నోటి దగ్గర గట్టి పనిముట్లు రోటిఫర్‌లకూ ఉన్నాయి, దవడలు. కెనడాలో దొరికిన, సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి కేంబ్రియన్ శిలాజం ఆమిస్క్వియాను 2019లో మళ్లీ పరిశీలించారు. ఒళ్లూ రెక్కలూ బాణపు పురుగువి, తల లోపల దవడలేమో రోటిఫర్ చుట్టాలవి!

పిండవాది: మరి పిండం సంగతి?

జన్యువాది: రెండు చిప్పల సముద్రజీవులైన బ్రాకియోపాడ్‌లలోనూ కుహరం పేగు నుంచే వస్తుంది. వాటిని ప్రోటోస్టోమ్‌లని మీరూ ఒప్పుకున్నారు.

పిండవాది: బ్రాకియోపాడ్‌లు ఎందుకు, రోటిఫర్ పిండంలోనే ఆ మడతలు చూపించండి.

జన్యువాది: రోటిఫర్‌లకు అసలు నిజమైన కుహరమే లేదుగా!

పిండవాది: ఇంతసేపూ నేను మొత్తుకుంటున్నది అదే!