దొంగ అనే ముందు

పరాయి దేశం నుంచి వచ్చేవాళ్ల గురించి రాసిన ఒక వ్యాసంలో, 'పత్రాలు లేకుండా వచ్చినవాడు దొంగే, పంపించేయాలి' అన్న వ్యాసకర్త మాట నాకు మింగుడుపడలేదు. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం 31వ అధికరణం చూడండి. ప్రాణభయంతో నేరుగా వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందుకు వెళ్లి, తగిన కారణం చూపిన శరణార్థిని అక్రమంగా ప్రవేశించాడని శిక్షించకూడదు. అందరూ శరణార్థులు కారు, నిజమే. సరిహద్దులు ఉండవద్దని కూడా నేను అనను. కానీ పత్రాలు లేని మనిషి చేత నెలంతా గిన్నెలు కడిగించుకుని, జీతం అడిగితే 'పోలీసులకు పట్టిస్తాను' అని బెదిరించే యజమాని సంగతి ఏమిటి? సబ్బునీళ్లకు పగిలిన చేతులతో అతను ఏ గడప ఎక్కి మొరపెట్టుకోగలడు? నోరు విప్పితే ముందు పట్టుబడేది తనే కదా! పంపాలో వద్దో తర్వాత తేల్చుకోవచ్చు, ముందు అతని కష్టార్జితం అతనికి ఇప్పించాలి.