తేడా చెప్పని అంకెలు మాకొద్దు

శ్రీశైలం డ్యామ్ కింద గుంత సంగతి కర్నూలు జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. 2009 అక్టోబర్ వరద చూసినవాళ్లకు అసలే అక్కర్లేదు. గేట్ల నుంచి దూకే నీటి దెబ్బకు పడిన ఆ గుంత (ప్లంజ్ పూల్) లోతెంత, ఏ వైపు పెరుగుతోంది అని అడిగినప్పుడల్లా ఒక అంకె వినిపిస్తుంది. ఆ అంకె ఎంత అటూ ఇటూ కావచ్చో మాత్రం ఎవరూ నోరు విప్పరు. నీటి అడుగున సెన్సార్లను వలలా పరిచేస్తే చాలు, అంగుళం తేడా లేకుండా అన్నీ తెలిసిపోతాయన్న ధీమా ఒకటి ఇప్పుడు. మా భయమల్లా ఆ ధీమా గురించే.

సెన్సార్ ఎక్కడుందో తెలియకపోతే, అది కొలిచింది గుంతలో ఏ చోటునో తెలియదు. నీళ్లలో జీపీఎస్ పనిచేయదు. రేడియో తరంగాలను నీరు మింగేస్తుంది. అందుకే శబ్దం పంపి, అది చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి సెన్సార్ ఎక్కడుందో లెక్కగడతారు. శబ్దవేగం సెకనుకు 1,500 మీటర్లని పుస్తకంలో ఉంది కదా అని అదే వేసుకుంటే? 20 డిగ్రీల మంచినీళ్లలో అది సుమారు 1,482 మీటర్లే. అర కిలోమీటరు దూరానికి అక్కడే 6 మీటర్లు తప్పు. శబ్దం పంపే పరికరంలోని గడియారానికీ, అందుకునే దానిలోని గడియారానికీ మధ్య సెకనులో వెయ్యో వంతు తేడా వచ్చిందా, ఇంకో మీటరున్నర. పైగా అది నల్లమల లోయ. ఇటు కాంక్రీటు, అటు బండ. గోడకు కొట్టుకుని ఆలస్యంగా వచ్చిన శబ్దం నేరుగా వచ్చినట్టే బుకాయిస్తుంది. గేట్లెత్తితే ఇక చెప్పేదేముంది, నురగలోని గాలిబుడగలే సగం శబ్దాన్ని తాగేస్తాయి.

లింగాలగట్టులో పుట్టి మీంచి తాడుకు రాయి కట్టి వదిలే మనిషిని అడగండి. ప్రవాహానికి తాడు వంగుతుందని, లోతు ఎక్కువ చూపిస్తుందని ముందే చెబుతాడు. డబ్బు పోసి తెచ్చిన పరికరానికి ఆ పాటి నిజాయితీ ఉండొద్దా?

గజ ఈతగాళ్లను దించడం కంటే ఇది మేలు, ఏమీ లేనిదానికంటే ఏదో ఒక కొలత నయం అనేవాళ్ల మాట కాదనం. కానీ తేడా చెప్పని కొలతను ఇవాళ ఒప్పుకుంటే, రేపటి కొలతను దాంతోనే పోలుస్తారు. గుంత అంచు 5 మీటర్లు డ్యామ్ వైపు జరిగినట్టు కనిపిస్తే, జరిగింది రాయా, లెక్కా? జరగలేదని చెప్పినా అదే ప్రశ్న. అసలు టెన్షన్ అదే.

చేయాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. పైనుంచి అడుగుదాకా నీటి ఉష్ణోగ్రత కొలిచి శబ్దవేగం సరిదిద్దుకోవాలి. శబ్దం వెళ్లి తిరిగొచ్చేలా పంపితే గడియారాల గొడవ చాలావరకు తగ్గుతుంది. అన్నిటికన్నా ముందు, చోటు కచ్చితంగా తెలిసిన పరికరాన్ని ఒకదాన్ని నీళ్లలో దించి, మీ లెక్క దాన్ని ఎక్కడ చూపిస్తోందో జనం ముందు పెట్టండి. ప్రయోగశాల తొట్టిలో కాదు, ఆ గుంతలోనే. అది చేతకాకపోతే మా విలేకరులకు అంకెలు ఇవ్వకండి. ఇన్నాళ్లూ అడక్కుండా అచ్చేసిన తప్పు మాదీ ఉంది. ఇకపై వేయం.