వెంబ్లీలో ఆగని రైలు ఆనవాళ్లు

వెంబ్లీ అనగానే మనకు ఫుట్‌బాల్ స్టేడియం గుర్తొస్తుంది. వందేళ్ల కిందట లండన్ శివార్లలోని ఆ చోటే 216 ఎకరాల్లో ఒక కాంక్రీటు ఊరు లేచింది. 1924 ఏప్రిల్ 23న ఐదో జార్జి రాజు ప్రారంభించిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన అది. రెండేళ్లలో కలిపి సుమారు 2 కోట్ల 70 లక్షల మంది చూశారు. మన దేశానికీ మొఘల్ తరహా గుమ్మటాలతో అక్కడో పెద్ద మంటపం ఉండేది. ప్రదర్శన తెరిచిన సరిగ్గా రెండు వారాలకు, మే 7న, ఇక్కడ మన్యంలో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. వెంబ్లీ సంబరం గురించి ఎప్పుడు చదివినా నాకు ఈ రెండు తేదీలూ పక్కపక్కనే కనిపిస్తాయి. సామ్రాజ్యం పోయింది, పోవాల్సిందే. దాంతోపాటు ఒక మంచి రైలు కూడా జనం మనసులోంచి చెరిగిపోయింది. నా బాధ దాని గురించే.

దాని పేరు నెవర్ స్టాప్ రైల్వే. పేరుకు తగ్గట్టే ఎక్కడా ఆగదు. 88 పెట్టెలుండేవి, ఒక్కదానికీ డ్రైవర్ లేడు. రహస్యమంతా పట్టాల మధ్య తిరిగే పొడవాటి స్క్రూలో ఉంది. ఒక బోల్టు చేతిలోకి తీసుకుని చూడండి. మరలు దగ్గరదగ్గరగా ఉంటే, ఒక చుట్టు తిప్పినప్పుడు నట్టు కొంచెమే జరుగుతుంది. మరలు ఎడంగా ఉంటే అదే చుట్టుకు చాలా దూరం పోతుంది. ఇక్కడా అంతే. స్టేషన్ దగ్గర మరలు దగ్గరగా, స్టేషన్లు దాటాక ఎడంగా పెట్టారు. స్క్రూ తిరిగే వేగం మారదు, పెట్టె వేగం మాత్రం మారుతుంది. ప్లాట్‌ఫారం పక్కన పెట్టెలు మనిషి నడక కన్నా నెమ్మదిగా, గంటకు రెండున్నర కిలోమీటర్ల లోపే, ఒకదాని వెనక ఒకటి దాదాపు ఆనుకుని పోతుంటాయి. జనం ఎస్కలేటర్ ఎక్కినట్టు ఎక్కేస్తారు. స్టేషన్ దాటగానే పెట్టెలు విడివడి పరుగందుకుంటాయి. ప్రతి పెట్టే తన మరలోనే ఉంటుంది కాబట్టి వెనకది వచ్చి ముందుదాన్ని గుద్దే అవకాశమే లేదు. సిగ్నళ్లతో పనే లేదు.

ఇంత తెలివైన ఏర్పాటు ఊళ్లలోకి ఎందుకు రాలేదు? ఆలోచిస్తే నాకు తోచేది, దాని బలమే దాని బలహీనత. ప్రయాణికులు పది మంది ఉన్నా పదివేల మంది ఉన్నా స్క్రూ మొత్తం తిరుగుతూనే ఉండాలి. దారి రెండుగా చీలాలన్నా కష్టమే. ఒక మైదానం చుట్టూ తిప్పడానికి అది అద్భుతం, మహానగరానికి మాత్రం భారం. అలాగని ఆలోచన వృథా పోయిందనుకోను. అదే లండన్‌లో లండన్ ఐ చక్రం కూడా మామూలుగా ఆగదు, నెమ్మదిగా కదులుతుండగానే జనం ఎక్కి దిగుతారు.

1925 అక్టోబరు 31న ప్రదర్శన మూసేశారు. మామూలు రైలుమార్గం మూతపడితే కట్టలు, వంతెనలు మిగులుతాయి. ప్రదర్శన రైలు అలా కాదు, పీకేసే రోజు ముందే రాసిపెట్టుకుని కడతారు. మిగిలిన భవనాల్లోకి ఫ్యాక్టరీలు, గోడౌన్లు వచ్చాయి. 2003లో పాత స్టేడియం జంట గోపురాలు, 2013లో ప్రదర్శన భవనాల్లో ఒకటైన ప్యాలెస్ ఆఫ్ ఇండస్ట్రీని కూల్చేశారు. అందుకే నెవర్ స్టాప్‌ను నేల మీద కన్నా కాగితం మీద వెతకడం మేలు. ఆనాటి న్యూస్‌రీళ్లలో, అంటే సినిమా హాళ్లలో చూపిన వార్తా చిత్రాల్లో, అది ఇంకా తిరుగుతూనే ఉంది. విమానంలోంచి తీసిన ఫొటోలను బ్రిటన్ ఫ్రమ్ అబవ్ సైట్లో చూడొచ్చు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం సైట్లో పాత సర్వే మ్యాపులను నేటి ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకోవచ్చు. రైలు ఒక్కసారిగా మలుపు తిరగడం కుదరదు, మెల్లగా వంగాలి. కాబట్టి కారణం లేకుండా వంగిన రోడ్డో, ప్రహరీయో, చెట్ల వరసో కనిపిస్తే అక్కడ ఒకసారి ఆగి పాత మ్యాపు చూడాలి.

ఇలా వెతికే లండన్ తెలుగువాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ ఇంకో ప్రదర్శన రైలు కూడా ఉండేది. లండన్‌లోని మేరిల్‌బోన్ స్టేషన్‌కు వెళ్లే మామూలు రైలు లైను నుంచి చీలి, స్టేడియం తూర్పున మైదానంలోకి వచ్చి, మళ్లీ అదే లైనులో కలిసే లూపు. దాని స్టేషన్‌కు తర్వాతి రోజుల్లో వెంబ్లీ స్టేడియం అని పేరు పెట్టారు. ఇప్పుడు అదే పేరున్న స్టేషన్ వేరు. అది 1906లో వెంబ్లీ హిల్‌గా మొదలై 1987లో ఈ పేరు తెచ్చుకుంది. బోర్డు చూసి ఇదే పాత స్టేషన్ అనుకుంటే వెతుకులాట మొదట్లోనే దారి తప్పుతుంది.

ఆ లూపు స్టేషన్‌ను తెరిచింది 1923 ఏప్రిల్ 28న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ ఫైనల్ వెంబ్లీలో మొట్టమొదటిసారి జరిగిన రోజున. దాని మీద ఆఖరి రైళ్లు నడిచింది 1968 మే 18న. అదీ కప్ ఫైనల్ రోజే.