ఆర్డరు పెట్టాం కదా!

విజయనగరంలో మా చిట్స్ కంపెనీ సర్వర్ గదిలో ఒక పసుపు లైటు ఎనిమిది నెలలుగా మిణుకుమిణుకుమంటోంది. నాలుగు డిస్కుల్లో ఒకటి పోయిందని దాని అర్థం. మేం దానిమీద నల్ల టేపు అతికించాం. అప్పట్నించీ ఆఫీసులో టెన్షన్ తగ్గింది.

బజారులో ఈ డిస్కుల కొరతను తిట్టేవాళ్ళందరికీ ఈ అనుభవంతో ఒక విన్నపం. దయచేసి తిట్టకండి. మాలాంటి కంపెనీల పరువు ఈ కొరత మీదే నిలబడి ఉంది.

మావి మామూలు డిస్కులు కావు. రాసిన ప్రతి అక్షరాన్నీ తమంతట తామే ఎన్‌క్రిప్ట్ చేసుకునే రకం, అంటే తాళంచెవి లేనివాడికి అర్థంకాకుండా మార్చేసుకునే రకం. మామూలువైతే డీలరు సాయంత్రం బస్సుకే వైజాగ్ నుంచి పంపిస్తాడు. కానీ తాళం వేసిన డిస్కుల మధ్యకి తాళం లేని డిస్కును, సర్వర్‌లో డిస్కుల మీద అజమాయిషీ చేసే కంట్రోలర్ రానివ్వదు. పట్టుదలలో మగపెళ్ళివారు దాని ముందు దిగదుడుపే.

మా ఓనరు గారు పోయిన డిస్కును అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏటి బాబూ, సబ్బుబిళ్ళంత లేదు. దీనికి ఎనిమిది నెలలా? ఆ బస్సులో వచ్చేదీ ఇలాగే ఉంటాది కదా!" అన్నారు. ఆయన మాటలో చాలావరకు నిజముంది. లోపల సరుకు దాదాపు అదే. తేడా అంతా ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రాంలో, పార్ట్ నంబర్‌లో, ఆ నంబరు చెప్పగానే డీలరు గొంతులో.

కొరతకి కారణాలు మాత్రం ఎప్పుడూ మన జిల్లా బయటివే. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే లోకమంతా హార్డ్ డిస్కుల ధరలు మండిపోయాయి. 2021లో చియా అనే క్రిప్టో నాణెం వచ్చింది. డిస్కులో ఖాళీ జాగా ఎంతుంటే అంత రాబడి అనేసరికి జనం షాపుల్ని ఊడ్చేశారు. ఇప్పుడు ఏఐ డేటా సెంటర్ల వంతు. 2014లో హుద్‌హుద్ మన చెట్లన్నీ పడగొట్టినప్పుడు బ్యాంకాక్‌లో ఒక్క ఆఫీసైనా ఆగిందా? ఈ విషయంలో న్యాయం జరగలేదనే నా అభిప్రాయం.

దీనికి తోడు సర్టిఫికెట్ గొడవ. మా ఆడిట్ చెక్‌లిస్టులో 'ఫిప్స్' ఉండాలని ఉంది. అది అమెరికా ప్రభుత్వ ప్రమాణం. అందులో ఇలాంటి తాళాలకిచ్చే 140-2 రకం సర్టిఫికెట్లు 2026 సెప్టెంబరుతో పాత జాబితాలోకి పోతాయి, ఆ తర్వాత 140-3 కావాలి. మా చిట్టీలు పాడుకునేది గంటస్తంభం చుట్టుపక్కల దుకాణాలవాళ్ళు. వాళ్ళ వాయిదాల లెక్కకి వాషింగ్టన్ ముద్ర ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే చెక్‌లిస్టు చదివామని తెలిసిపోతుంది.

ఆడిట్ రోజున ఆడిటరు గారు ముందుగా 2023 నాటి డేటా రక్షణ చట్టం గుర్తుచేశారు. భద్రత సరిగా లేకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చన్నారు. ఓనరు గారు మంచినీళ్ళు అడిగారు.

"పోయిన డిస్కు మార్చారా?"

"ఆర్డరు పెట్టాం సార్. స్టాకు లేదట."

"ఆర్డరు కాపీ ఉందా?"

ఉంది. దాన్ని ఫైల్లో పెట్టి స్టేపుల్ కొట్టి, ఎదురుగా ఎర్రపెన్నుతో టిక్కు పెట్టారు. టీ తాగి వెళ్ళిపోయారు. ఎన్‌క్రిప్షన్ గురించి ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పాల్సి వచ్చేది: మా తాళంచెవి కంట్రోలర్‌లోనే ఉంటుంది. దొంగ ఒక్క డిస్కు లాక్కుపోతే వాడికి చెత్త తప్ప ఏమీ కనపడదు. సర్వర్ మొత్తం ఎత్తుకెళ్ళి ప్లగ్గు పెడితే మాత్రం అన్నీ మర్యాదగా తెరుచుకుంటాయి. బూట్ పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. పెడితే కరెంటు పోయొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు వచ్చి కొట్టాలి. మన కరెంటు సంగతి తెలిసిందే. అందుకని పెట్టలేదు. అంటే మా భద్రత యావత్తూ దొంగ బద్ధకస్తుడు కావడం మీద ఆధారపడి ఉంది. డిస్కు వచ్చేస్తే ఈ సంగతులన్నీ మాట్లాడుకోవాలి. రానంతకాలం మేం ఆర్డరు పెట్టినవాళ్ళం.

సిరిమాను ఏ తోటలో ఉందో పైడితల్లి అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెబుతుందంటారు. మా డిస్కు ఏ గోదాంలో ఉందో డీలరుకి కలలో చెప్పేవాళ్ళు లేరు. తొలేళ్ళకి వస్తుందన్నాడు. సంక్రాంతికన్నాడు. ఇప్పుడు పండగల పేర్లు మానేసి "నెక్స్ట్ క్వార్టర్ అండి" అంటున్నాడు. పాపం, అతన్నీ అనడానికి లేదు. పైనుంచి అతనికొచ్చే మెయిల్‌లో తేదీ ఉండాల్సిన చోట గీత ఉంటోంది.

నిన్న సాయంత్రం పక్క డిస్కు మీద కూడా పసుపు లైటు మొదలైంది. పూర్తిగా పోలేదు, పోబోతున్నానని చెబుతోందంతే. ఓనరు గారికి చూపించాను. ఆర్డర్లో ఒకటిని రెండు చేయమన్నారు. టేపు చుట్ట ఇంకా సగం ఉంది.