రోబో దిగేది మ్యాన్‌హోల్‌లోకి, మన ఊళ్లలో మనిషి దిగేది సెప్టిక్ ట్యాంకులోకి

"మ్యాన్‌హోల్ రోబో వచ్చింది, ఇక మురుగులోకి మనిషి దిగే పనే లేదు. ఇంకా దిగి చనిపోతున్నారంటే వాళ్ల అజాగ్రత్తే. కార్మికులు ఆపరేటర్లయ్యారు, గౌరవం పెరిగింది." ఫోన్లలో తెగ తిరుగుతున్న ఈ మాటలో మూడు ముక్కలున్నాయి. మూడూ నిలబడవు.

2018లో తిరువనంతపురంలో వాడకంలోకి వచ్చిన బాండికూట్ అనే మ్యాన్‌హోల్ రోబో మంచి యంత్రమే. మ్యాన్‌హోల్ గుంతలో కాళ్లు చాపి నిలబడి, అడుగున పేరుకున్న ఇసుక, రాళ్లు, చెత్తను బకెట్‌తో పైకి తెస్తుంది. రెండు మ్యాన్‌హోళ్ల మధ్య పైపు మూసుకుపోతే మాత్రం ప్రెజర్‌తో నీళ్లు కొట్టే జెట్టింగ్ మిషన్ రావాల్సిందే. అసలు కర్నూలు, కడప, అనంతపురాల్లో చాలా ఇళ్లకు భూగర్భ డ్రైనేజీ ఎక్కడిది? ఉన్నవి సెప్టిక్ ట్యాంకులు, సైడు కాలువలు. కాలువలో పార పట్టి సిల్టు తీసేది ఇప్పటికీ మనిషే.

ట్యాంకులోకి ఎందుకు దిగుతారంటే, రెండు మూడేళ్లకోసారి తీయించాల్సింది పదేళ్లు వదిలేస్తారు. అడుగు బురద గట్టిపడుతుంది. మురుగు లాగే లారీ వస్తే, దాని పైపు ట్యాంకులో పైపైన ఉన్న నీళ్లు లాగేసి ఆగిపోతుంది. అప్పుడు ప్రెజర్‌తో నీళ్లు కొట్టి, పొడవాటి గడతో పైనుంచే కలిపి, మళ్లీ లాగాలి. దానికి ఇంకో గంట, ఇంకో ట్రిప్పు డబ్బులు. కర్నూలు పాతబస్తీ సందుల్లాంటి చోట లారీ దూరంగా ఆగుతుంది. పైపు పొడవు పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది. ఇంటాయనేమో "అడుగంటా శుభ్రం చేయాల" అంటాడు. నిజానికి అడుగున కాస్త మిగిలినా ట్యాంకుకు వచ్చే నష్టమేమీ లేదు. అయినా మనిషిని దింపుతారు.

ఇక అజాగ్రత్త సంగతి. బురద కదిలితే అందులో చిక్కుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఒక్కసారిగా బయటికొస్తుంది. గాలిలో అది 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) దాటితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. 500 దాటితే నిమిషాల్లో కూలిపోతారు. అగ్గిపుల్ల వెలిగిందంటే ఆక్సిజన్ కొంత ఉందని అర్థం, విషవాయువు లేదని కాదు. మండే వాయువు మీథేన్ ఉంటే పేలుతుంది కూడా. ముక్కుకు కట్టిన గుడ్డ దుమ్మును ఆపుతుంది, వాయువును ఆపదు. కాపాడబోయిన రెండోవాడూ అందుకే పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం 7వ సెక్షన్ కింద నేరం, దింపింది ఇంటి యజమానైనా సరే. మొదటిసారికి రెండేళ్ల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. మరణానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023 అక్టోబరులో 30 లక్షలు చేసింది.

గౌరవం మాటకొస్తే, 2023 డిసెంబరులో రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది జీతం కోసం, పర్మనెంట్ కోసం. యంత్రం కొనే టెండరులోనే ఆపరేటరుగా ఎవరిని పెట్టాలో, జీతమెంతో రాయాలి. రాయకపోతే లైసెన్సున్న కొత్త కుర్రాడు సీట్లో కూర్చుంటాడు. ఇన్నాళ్లూ దిగినవాడికి పైపు మోసే పని మిగులుతుంది, అదీ రోజుకూలీకి.