పెద్ద టైర్ల కంటే ముందు బ్రేకులు చూడండి

తక్కువ ఖర్చుతో పాత పికప్‌ను కొండదారులకు తయారు చేయడం గురించి మీరు రాసింది బాగుంది. కానీ ముందు పెద్ద టైర్లు వేయాలి, బండి ఎత్తు పెంచాలి అన్నారు చూడండి, అక్కడే మా డబ్బులు పోయాయి. మాది నెల్లూరు. టమాటాలు తోలిన పాత డీజిల్ బండి, ఫోర్ వీల్ డ్రైవ్ కాదు. పెద్ద టైర్లు వేస్తే ఎక్కుడులో ఇంజిన్ లాగలేక క్లచ్ కాలిన వాసన వచ్చింది. పైగా మీటర్ అసలు స్పీడు కంటే తక్కువ చూపిస్తుంది. మళ్ళీ పాత సైజుకే వచ్చాం.

ఉదయగిరి వైపు రాళ్ల బాటల్లో పనికొచ్చింది బ్రేకులు, రేడియేటర్ బాగుచేయించడం, చక్రాల దగ్గర కుదుపు ఆపే కమాన్లలో విరిగిన పట్టీలు మార్చడం. అదనంగా పట్టీ వేయించకండి, ఖాళీ బండి గుర్రంలా ఎగురుతుంది. వెనక తొట్టిలో నాలుగు ఇసుక బస్తాలు గట్టిగా కట్టేస్తే వెనక చక్రాలకు పట్టు దొరుకుతుంది.

మైపాడు బీచ్ ఇసుకలో దిగబడ్డప్పుడు టైర్లలో గాలి సగానికి తగ్గించి, రెండు చెక్కలు పెడితే బయటపడ్డాం. రోడ్డెక్కగానే గాలి మళ్ళీ నింపాలి, అందుకే చిన్న పంపు కొన్నాను. ఉప్పుగాలికి అడుగుభాగం తుప్పు పడుతుంది, ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాల్సిందే.

బండి ముందు భాగానికి బిగించమన్న ఆ ఇనుప గార్డు, బుల్ బార్, ఎందుకండీ? 2017 డిసెంబరులోనే కేంద్రం వాటిని తీయించమంది. ఆ డబ్బుతో మంచి స్టెప్నీ ఒకటి వస్తుంది.